నీటిని చూసి రంగు: విశాఖ తీరంలో పండుగప్పకు లూర్ ఎంచుకోవడం

భీమిలి దగ్గర గోస్తనీ మొగలో, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, పోటు నిండేటప్పుడు నీళ్లు ఆకుపచ్చగా, కాస్త తేటగా ఉంటాయి. పాటు తీయడం మొదలయ్యాక, అందులోనూ పైన వానలు పడి ఉంటే, అదే చోట నీళ్లు టీ రంగుకి తిరుగుతాయి. మనిషి కదల్లేదు, చేపా అదే చేప. అయినా పోటులో చేప వచ్చి కొట్టిన లూర్‌ని (గాలానికి కట్టే బొమ్మ ఎరని) పాటులో ఒక్క చేపా పట్టించుకోకపోవచ్చు. "పండుగప్పకు ఏ రంగు వెయ్యాలి?" అని అడిగితే "ఎర్ర తల, తెల్ల ఒళ్లు" అని ఠక్కున జవాబు చెప్పేవాళ్లు ఈ సంగతి పక్కన పెట్టేస్తారు. అడగాల్సింది చేప గురించి కాదు, ఆ పూట నీళ్ల గురించి.

లూర్ ప్యాకెట్ల మీద కనిపించే రంగుల పేర్లు చాలావరకు అమెరికాలో పుట్టినవి. అక్కడివాళ్ల గురి లార్జ్‌మౌత్ బాస్ అనే మంచినీటి చేప మీద. ఆ చేప మన గెడ్డల్లో (వాగుల్లో) లేదు, చెరువుల్లో లేదు. మనకు బాస్ అంటే సీ బాస్, అంటే పండుగప్ప. ఫైర్ టైగర్ అనే రంగు (ఆకుపచ్చ పసుపు ఒంటి మీద నల్ల చారలు, నారింజ పొట్ట) ఉత్తర అమెరికాలోని ఎల్లో పెర్చ్ చేపను పోలినది. క్రా అని అమ్మే ఎరుపు అక్కడి మంచినీటి క్రేఫిష్‌ది. మన మొగల్లో పండుగప్ప తినేది రొయ్యల్ని, కట్టిపరిగెల్ని, చిన్న చిన్న తెల్ల చేపల్ని. అలాగని ఫైర్ టైగర్‌ని తీసి పారెయ్యక్కర్లేదు, మన బురదనీళ్లలో అది బాగానే పనిచేస్తుంది. పెర్చ్‌లా కనబడి కాదు, లేత పసుపు పక్కనే నల్ల చార ఉండబట్టి. కారణం తెలిస్తే ఆ రంగు పెట్టెలో లేని రోజు దాని బదులు ఏది వెయ్యాలో కూడా తెలుస్తుంది.

లార్జ్‌మౌత్ బాస్ కంటి గురించి ఇల్లినాయి విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన పరిశోధన ఒకటి ఇక్కడ పనికొస్తుంది. ఆ చేప కంట్లో రంగుల్ని పసిగట్టే కణాలు రెండే రకాలు, ఒకటి ఆకుపచ్చ వైపు, ఒకటి ఎరుపు వైపు. తర్ఫీదు ఇచ్చిన బాస్‌లు ఎరుపునీ ఆకుపచ్చనీ చక్కగా గుర్తుపట్టాయి గానీ, షార్ట్రూజ్ పసుపుని (ఆకుపచ్చ కలిసిన పసుపుని) తెలుపు నుంచి, ముదురు నీలాన్ని నలుపు నుంచి విడదీయలేకపోయాయి. దీన్ని తెచ్చి పండుగప్పకు అంటగట్టడం తప్పు, అది వేరే చేప, వేరే కన్ను. అయితే మన కంటికి రెండుగా కనిపించే రంగులు చేపకు ఒకటే కావచ్చన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. పెట్టెలో నలుపు, ముదురు నీలం, ముదురు ఊదా ఉంటే మూడు రకాలు ఉన్నాయని మురిసిపోనక్కర్లేదు. ముదురు రంగు ఒకటి ఉన్నట్టు లెక్క.

నీరు ఏ రంగును మింగుతుంది

నీరు ముందు ఎరుపును మింగుతుందని అందరూ చెబుతారు. ఎంతలో మింగుతుందో చెప్పేవాళ్లు తక్కువ. ఏమీ కలవని స్వచ్ఛమైన నీటిలో కూడా ఎర్రని వెలుగు మీటరుకు నాలుగో వంతుకు పైనే తగ్గుతుంది. 5 మీటర్లు దిగేసరికి ఐదో వంతు కూడా మిగలదు, 10 మీటర్లకు నూటికి మూడు వంతులు మిగిలితే ఎక్కువ. మిగతా వాటికంటే నీలం లోతుకు పోతుంది. ఇది నడిసముద్రపు లెక్క. తీరం దగ్గర నీళ్లలో నాచుకణాలు ఉంటాయి కాబట్టి అవి నీలాన్ని కూడా తినేస్తాయి, అక్కడ దూరం పోయేది ఆకుపచ్చ. ఇక ఆకులు, గడ్డి, నాచు కుళ్లి డికాషన్ రంగు పట్టిన నీళ్లలో వ్యవహారం తిరగబడుతుంది. నీలం, ఊదా ముందు చచ్చిపోతాయి, నారింజ, ఎరుపు నిలబడతాయి. "ఎరుపు లోతులో కనబడదు" అనే మాట ఆ నీళ్లలో చెల్లదు.

ఇంకో పొరపాటు కూడా బాగా చలామణిలో ఉంది. ఎరుపు మాయమవుతుందంటే లూర్ కనబడకుండా పోతుందని కాదు. అది నల్లగా, ముదురు బూడిదగా కనిపిస్తుంది. అంటే తేట నీటిలో 8 మీటర్ల లోతున ఎర్ర జిగ్ (బరువుగా ఉండి మునిగే లూర్) వేసినవాడు నిజానికి నల్ల జిగ్ వేసినట్టే. అది పట్టకూడదని ఏమీ లేదు, పడుతుంది కూడా. పడ్డది ఎరుపు వల్ల అనుకోవడం దగ్గరే తేడా. పైగా రాళ్ల మీంచి విసిరే మన లూర్లు చాలావరకు రెండు నుంచి ఐదు మీటర్ల నీళ్లలోనే తిరుగుతాయి కాబట్టి డైవర్ల చార్టుల్ని చూసి ఎరుపును పూర్తిగా వదిలెయ్యనవసరం లేదు.

ఫ్లోరసెంట్ రంగులది వేరే దారి. మామూలు నారింజ తన మీద పడ్డ నారింజ వెలుగునే తిప్పి కొడుతుంది, నీళ్లలో ఆ వెలుగు లేకపోతే ముదురుగా మారిపోతుంది. ఫ్లోరసెంట్ నారింజ నీలం, ఆకుపచ్చ వెలుగుని పీల్చుకుని నారింజగా బయటికి విడుస్తుంది. అందుకే దిగువన కూడా ఆ రంగు నిలుస్తుంది. ఏది ఫ్లోరసెంటో ప్యాకెట్ నమ్మి తెలుసుకోనక్కర్లేదు. దొంగనోట్లు చూసే చిన్న యూవీ టార్చి కొని, చీకటి గదిలో లూర్ల మీద కొట్టండి. మెరిసిపోయేది ఫ్లోరసెంట్, ఊరికే ఊదాగా కనిపించేది మామూలు పెయింట్. షార్ట్రూజ్ అని పేరు రాసి ఉన్నా కొన్ని లూర్లు ఈ పరీక్షలో మెరవవు. చీకట్లో వెలిగే గ్లో రంగు మళ్లీ వేరు. దానికి ముందు టార్చితో వెలుగు పట్టించాలి, కొన్ని నిమిషాలకు సన్నగిల్లిపోతుంది, మళ్లీ పట్టించాలి.

పళ్లెంతో కొలత

"నీళ్లు కొంచెం బురదగా ఉన్నాయి" అంటే ఎంత బురద? దీనికి నూట యాభై ఏళ్లకు పైగా వాడుకలో ఉన్న సాధనం సెక్కి డిస్క్. ఇంట్లోనే చేసుకోవచ్చు. 20 సెంటీమీటర్ల స్టీలు పళ్లెం తీసుకుని ఒకవైపు తెల్ల ఎనామెల్ రెండు పూతలు వెయ్యండి. నడిమిన రంధ్రం పెట్టి నైలాన్ తాడు దూర్చి, కింద పావుకిలో సీసం గుండు కట్టండి. తాడుకు ప్రతి 25 సెంటీమీటర్లకు ఒక ముడి. జెట్టీ మీంచో, పడవ నీడ పడే వైపు నుంచో పళ్లెం దించి, అది కనబడకుండా పోయిన చోట ముడి చూసుకోవాలి. కొంచెం కిందికి వదిలి మెల్లగా పైకి లాగుతూ మళ్లీ కనబడిన చోటా చూసుకోవాలి. ఆ రెంటి సగటు మన కొలత. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే కొలత ఎక్కువ వస్తుంది, కాబట్టి తీసేసి చూడాలి. ఎండ వాలాక తీసిన కొలతను మధ్యాహ్నపు కొలతతో పోల్చకూడదు.

రాళ్ల మీద నిలబడి పళ్లెం దించే వీలుండదు. అక్కడ తెల్ల సాఫ్ట్ ప్లాస్టిక్‌ని (మెత్తటి ప్లాస్టిక్ లూర్‌ని) రాడ్ కొన నుంచి నిటారుగా దించి ఎంత దారం వదిలితే మాయమైందో చూస్తే ఉజ్జాయింపుగా సరిపోతుంది. ఫోన్‌ని వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టి నీళ్లలో లూర్‌కి ఫొటో తీసి తేల్చుదామంటే మాత్రం మోసపోతారు. కెమెరా తనంతట తనే రంగుల్ని సరిచేసి, నీళ్లు మింగేసిన ఎరుపుని తిరిగి తెచ్చి చూపిస్తుంది.

కొలత రెండు మీటర్లు దాటితే తేట నీరు. ముప్పావు మీటరు నుంచి రెండు దాకా మన తీరంలో ఎక్కువగా కనిపించే ఆకుపచ్చ నీరు. అరమీటరు లోపు బురద. ఈ హద్దులు శాసనాలేమీ కావు, మధ్యలో పడ్డ రోజు రెండు వైపులా ప్రయత్నించాలి. కొలత అరమీటరు వచ్చిందంటే చేపకు లూర్ కనిపించే దూరం కూడా సుమారుగా ఆ మేరకే ఉంటుందని లెక్క. అంత దగ్గరికి లూర్‌ని చేప రానిస్తేనే రంగు సంగతి. అందుకే బురదలో రంగు కంటే ముందు చప్పుడు చేసేలా లోపల గుళ్లున్న లూరో, తోక గట్టిగా కొట్టే ప్లాస్టిక్కో పెట్టి, నెమ్మదిగా లాగడం ముఖ్యం.

సముద్రం: ఫిబ్రవరిది ఒకటి, అక్టోబరుది ఇంకొకటి

విశాఖ తీరం వెంట ప్రవాహం ఏడాదికి రెండుసార్లు దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరంగా పోతుంది, ఉప్పు ఎక్కువ ఉన్న తేట నీటిని తెస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణంగా తిరిగి, గంగ, మహానది లాంటి నదుల మంచినీరు కలిసిన నీటిని మోసుకొస్తుంది. మన గెడ్డలు, ఏళ్లు కూడా ఆ నెలల్లోనే వరద దించుతాయి, తుఫాన్లూ అప్పుడే. యారాడలోగానీ రుషికొండ రాళ్ల దగ్గరగానీ ఫిబ్రవరిలో పట్టిన రంగుని అక్టోబరులో నమ్ముకోవడం దండగ.

తేట రోజుల్లో పారకు, వంజరానికి వేసే మెటల్ జిగ్‌లో వెండి రంగు, నీలం వీపు చాలు. కవ్వళ్లు, కానాగంతలు తిరిగే నీళ్లలో అదే సహజం. సాఫ్ట్ ప్లాస్టిక్ అయితే లోపలికి వెలుగు దూరే పారదర్శకమైనది, కాస్త వెండి తళుకు ఉన్నది. ఇక్కడ చిన్న చిక్కు ఉంది. వెండి జిగ్ అద్దం లాంటిది, చుట్టూ ఏముంటే అదే చూపిస్తుంది. ఎండ నిటారుగా పడుతుంటే తళుక్కుమంటుంది, మబ్బు పట్టిన రోజున చుట్టూ ఉన్న ఆకుపచ్చనే చూపించి అందులో కలిసిపోతుంది. కవ్వళ్లు వేటచేపల నుంచి దాక్కునేది సరిగ్గా ఈ ఉపాయంతోనే. మబ్బు కమ్మగానే వెండి తీసి ముత్యపు తెలుపో, గులాబీ వీపున్నదో వెయ్యాలి.

మార్చి, ఏప్రిల్‌లో ఇంకో మార్పు వస్తుంది. నైరుతి గాలి తీరం వెంట వీస్తే పైనున్న నీరు ఒడ్డు నుంచి సముద్రం వైపు జరిగిపోయి, అడుగునున్న చల్లని నీరు పైకి లేస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950ల నుంచే దీన్ని గమనించి నమోదు చేశారు. ఆ నీటితో వచ్చిన పోషకాల వల్ల నాచుకణాలు పెరిగి, నీలంగా ఉండాల్సిన సముద్రం చిక్కటి ఆకుపచ్చకు తిరుగుతుంది. ఎండాకాలం కదా, నీళ్లు తేటగానే ఉంటాయి అని పారదర్శక లూర్లే పట్టుకెళ్లినవాడికి ఆ రోజు ఉత్త చేతులే. ఆకుపచ్చ నీటిలో తెలుపు, షార్ట్రూజ్ ముందుంటాయి. ఆకుపచ్చ లూర్ మాత్రం నేపథ్యంలో కలిసిపోతుంది, దాని వీపుకో పొట్టకో వేరే రంగు తోడుండాలి.

వాన పడ్డాక భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల వైపు నుంచి దిగే నీళ్లు ప్రత్యేకం. ఆ మట్టిలో ఉన్న ఇనుప తుప్పు నీలాన్ని మింగేస్తుంది, సన్నటి మట్టి రేణువులు వెలుగుని చెదరగొడతాయి. అక్కడ నీలం లూర్ పనికిరాదు, మెరుపు లూర్ కూడా అంతే, తళుకు నాలుగు వేళ్ల దూరం కూడా పోదు. నలుపు లేదా వెలుగు దూరకుండా ముద్దగా ఉండే ఫ్లోరసెంట్ షార్ట్రూజ్ వెయ్యాలి. మేలైన చోటు బురద లోపల కాదు, ఎర్ర నీరూ పచ్చ నీరూ కలిసే గీత. పెద్ద చేప తేట వైపు నిలబడి బురద వైపు నుంచి వచ్చేవాటి కోసం కాస్తుంది, లూర్‌ని కూడా అటునుంచి ఇటు లాగాలి.

మొగలో ఆరు గంటలకో రంగు

పండుగప్ప అసలు చోటు మొగ. మన దగ్గర పెద్ద పోటుకీ పాటుకీ తేడా సుమారు ఒకటిన్నర మీటరే గానీ, ఇరుకు మొగలో నీటి రంగు మార్చడానికి అది చాలు. పోటు మొదటి రెండు గంటల్లో సముద్రపు నీరు అడుగు నుంచి తోసుకొస్తుంది, పైన ఇంకా ఏటి నీరే ఉంటుంది. ఒడ్డు మీంచి చూసినవాడికి గోధుమ రంగు కనిపిస్తుంది, అడుగున ఉన్న చేప చుట్టూ ఆకుపచ్చ. ఈ రెండు పొరల సంగతి తెలియక పైరంగుని చూసి లూర్ ఎంచుకోవడం ఇక్కడ తరచూ జరిగే తప్పు. పళ్లెం దించితే ముందు గబగబా మసకబారి, కిందికి పోయాక మసకబారడం నెమ్మదిస్తే రెండు పొరలు ఉన్నట్టే.

పోటులో 10 సెంటీమీటర్ల ముత్యపు తెలుపు మినో (సన్న చేప ఆకారపు లూర్), లేదా 10 నుంచి 14 గ్రాముల జిగ్ హెడ్ (బరువు గుండు ఉన్న కొక్కెం) మీద తెల్ల ప్యాడిల్ తోక (అటూ ఇటూ కొట్టే వెడల్పు తోక) ప్లాస్టిక్. పాటు సగం తీశాక బంగారు, రాగి రంగులు, నారింజ పొట్ట. పాటు చివర్లో పక్క కాలవల నుంచి రొయ్యలు కొట్టుకొచ్చేటప్పుడు లేత గోధుమ రంగు రొయ్య లూర్. ఇక్కడ రంగు కంటే అది నీటి వాలుకు కొట్టుకుపోవడం ముఖ్యం, ఎదురు లాగితే ఏ రంగూ కాపాడదు. ఎర్ర తల, తెల్ల ఒళ్లు పండుగప్పకు పేరు మోయడం వెనక కూడా కారణం ఉంది. మసక నీటిలో ఎరుపు ముదురుగా, తెలుపు వెలుగుగా కనిపించి, పక్కపక్కనే ఆ తేడా నిలుస్తుంది. నల్ల తల, తెల్ల ఒళ్లు వేసినా దాదాపు అదే పని జరుగుతుంది.

గెడ్డలు, ఆవలు

మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ తాగునీటి జలాశయాలు, అనుమతి లేకుండా అక్కడ గాలం వెయ్యకూడదు. పోర్టు, నేవీ హద్దుల్లోనూ అంతే. మంచినీటిలో లూర్‌కి వచ్చే మన చేప కొర్రమీను, దొరికేది కొండకర్ల ఆవ లాంటి తామర, గడ్డి నిండిన నీళ్లలో. దానికి ఆకుల మీద కప్ప లూర్ వేసి లాగుతారు. చేప చూసేది కింది నుంచి, ఆకాశానికి ఎదురుగా. కాబట్టి వీపు మీద ఎంత అందమైన చుక్కలున్నా దానికి కనిపించేవి పొట్ట, కాళ్ల ఆకారం మాత్రమే. ఎండలో పొట్ట తెలుపో పసుపో, మబ్బులో, సాయంత్రం నలుపు. వీపు మీద నారింజ చుక్క పెట్టుకుంటే గడ్డిలో లూర్ ఎక్కడుందో మనకు తెలుస్తుంది, ఆ చుక్క ప్రయోజనం అంతే. వానల్లో ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన కదులుతుంటే తల్లో తండ్రో కిందే కాపలా ఉంటుంది. అది ఏ రంగు లూర్ వేసినా కొడుతుంది, కొట్టేది ఆకలితో కాదు. అక్కడ గాలం వెయ్యకపోవడమే మర్యాద. కాపలా చేపను తీస్తే గుంపంతా మిగతా చేపల పాలవుతుంది.

చీకటి పడే వేళ

వెలుగు తగ్గేకొద్దీ చేప కన్ను రంగుల్ని వదిలి ముదురు, లేత తేడా మీదకు మళ్లుతుంది. పండుగప్ప కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది, టార్చి పడితే కళ్లు నిప్పుకణాల్లా మెరవడం అందుకే. మనకు ఏమీ కనిపించని వెలుగులో అది వేటాడగలదు. పైనీటిలో తేలే లూర్‌కి నలుపే మేలు, అంచు తెగ్గొట్టినట్టు కనిపిస్తుంది. జెట్టీ దీపం కింద అయితే చేప వెలుగులో ఉండదు, చీకటి అంచున నిలబడి వెలుగు వైపు చూస్తుంటుంది. లూర్‌ని వెలుగులోంచి చీకట్లోకి దాటించాలి. పాత సోడియం దీపాల పసుపు వెలుగులో నీలం, ఆకుపచ్చ లూర్లు రెండూ ముదురు బూడిదే.

పెట్టె, మార్కరు, నెయిల్ పాలిష్

విశాఖ చుట్టూ తిరిగేవాడికి ఒకే ఆకారం, ఒకే బరువులో ఐదు రంగులు చాలు. వెండి మీద నీలం, ముత్యపు తెలుపు, ఫ్లోరసెంట్ షార్ట్రూజ్, బంగారం మీద నారింజ, నలుపు. ఒకే ఆకారం ఎందుకంటే, ఆకారమూ లోతూ రంగూ ఒకేసారి మారిస్తే చేప దేనికి వచ్చిందో ఎప్పటికీ తెలియదు. దెబ్బ తగలనప్పుడు మార్చాల్సింది ముందు లోతు, తర్వాత వేగం, ఆ తర్వాత సైజు. ఒక చోటును అన్ని కోణాల్లో పదిహేను ఇరవై విసుర్లు తడిమాక రంగు జోలికి వెళ్లాలి. మారిస్తే తెలుపు తీసి నలుపు వేసినట్టు మార్చాలి, తెలుపు తీసి దంతపు తెలుపు వెయ్యడం సమయం వృథా.

లేని రంగును నల్ల పర్మనెంట్ మార్కరుతో, ఎర్ర నెయిల్ పాలిష్‌తో తయారుచేసుకోవచ్చు. లూర్‌ని సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరబెట్టాక వీపున మూడు నాలుగు చారలు గియ్యండి. వాటి మీద రంగులేని నెయిల్ పాలిష్ పూస్తే అందులోని ద్రావకం మార్కరు సిరాను కరిగించి అలికేస్తుంది. గీతలు ఒక రాత్రి ఆరనిచ్చి, కుంచెని ఒక్కసారే తేలిగ్గా లాగాలి, రెండోసారి అదే చోట రుద్దకూడదు. ఇంకా గట్టిగా ఉండాలంటే రెండు భాగాలు కలిపే ఎపాక్సీ పూయాలి, కానీ మందంగా పూస్తే బరువు మారి లూర్ ఒక పక్కకు ఒరిగి ఈదుతుంది.

సాఫ్ట్ ప్లాస్టిక్‌లను రంగు రంగు కలిపి ఒకే డబ్బాలో వెయ్యకండి. వారం తిరిగేసరికి నలుపు తెలుపులోకి దిగి అన్నీ మురికి బూడిదగా తయారవుతాయి. వాటిలోని మెత్తదనాన్నిచ్చే నూనె కొన్ని గట్టి లూర్ల పెయింట్‌ని, కొన్ని డబ్బాల ప్లాస్టిక్‌ని కూడా కరిగిస్తుంది. కొన్న సంచిలోనే ఉంచితే గొడవ లేదు. ఫ్లోరసెంట్ రంగు ఎండకు త్వరగా చస్తుంది, బండి డాష్‌బోర్డు మీద వేలాడదీసిన షార్ట్రూజ్ కొన్నాళ్లకు ఉత్త లేత పసుపు అవుతుంది. సీజనుకు ఒకసారి యూవీ టార్చి కొట్టి చూసి, మెరవనివాటిని తెలుపు వరసలోకి మార్చుకోండి.